చోటు మారిన సమాధిరాళ్ళు

చంద్రిక గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని సమాధిరాయి మొదట్లో మట్టిని వేలితో గీకింది. నేల నుంచి జానెడు ఎత్తు వరకు రాయి తెల్లగా, నిన్న చెక్కినట్టు ఉంది. ఆ పైనంతా ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడిసిన నలుపు. మట్టిలో కూరుకుని ఉండాల్సిన భాగం బయటికి కనిపిస్తోందంటే దానికి ఒకటే అర్థం. రాయిని ఇంకెక్కడి నుంచో పీకి తెచ్చి, లోతు చాలని గుంటలో నిలబెట్టారు.

"ఇవి ఇక్కడి రాళ్ళు కావు," అంది.

వెనక నిలబడ్డ హార్పర్ కదల్లేదు. "నేను రాళ్ళ కోసం రాలేదు. శవం కోసం వచ్చాను," అన్నాడు.

హార్పర్ షెరీఫ్ ఆఫీసులో డిటెక్టివ్. చంద్రిక బెంటన్‌విల్‌లో సొంతంగా ఆఫీసు పెట్టుకున్న ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్. ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే రోజుల్లో ఒక పశువుల కొట్టం తగలబడితే, అది ప్రమాదమని ఇతను రాసి సంతకం పెట్టాడు. కావాలని పెట్టిన మంట అని ఆమె కోర్టులో నిరూపించింది. ఆ రోజు జడ్జి ఎదుట తలదించుకోవలసి రావడం అతను ఇంకా మరచిపోలేదు. ఇవాళ కూడా, చనిపోయిన ఎర్ల్ టకర్ కూతురు అనుమతి ఇచ్చింది కాబట్టి వచ్చాడు కానీ, చంద్రిక అడిగిందని కాదు.

ఈ పచ్చిక బీడు ఎర్ల్‌ది. మేకలు పెంచుకునే ముసలాయన. శనివారం సాయంత్రం ఆయన శవం ఈ బీడు చివరనున్న సింక్‌హోల్‌లో దొరికింది. ఈ చుట్టుపక్కల నేల అడుగున ఉన్నది సున్నపురాయి. వాన నీటికి అది లోపల్లోపల కరిగిపోయి, పైన నేల ఉన్నట్టుండి బావిలా కుంగిపోతుంది. ఎర్ల్ తల పగిలి ఉంది. పడ్డప్పుడు తగిలిన దెబ్బా, పడకముందు తగిలిన దెబ్బా అన్నది డాక్టర్లు ఇంకా తేల్చలేదు. హార్పర్ మాత్రం తేల్చేసి, పక్క కాలనీలో ఉండే రాకేష్‌ను అరెస్టు చేశాడు.

రాకేష్ మీద అనుమానానికి కారణం రోడ్డు. బెంటన్‌విల్ పెరిగిపోతోంది, పొద్దునా సాయంత్రం కార్లు నత్తల్లా నడుస్తున్నాయి, ఊరి బయటి నుంచి కొత్త బైపాస్ వేస్తామన్నారు. మొదట గీసిన గీత ఎర్ల్ బీడు మీదుగా పోయింది. వసంతంలో సర్వేవాళ్ళు వచ్చి చూస్తే గడ్డిలో ఏడు పాత సమాధులు కనిపించాయి. సమాధుల జోలికి ఎందుకని గీతను ఉత్తరానికి జరిపారు. ఆ ఉత్తరాన ఉన్నది హికరీ హాలో. పదకొండు తెలుగు కుటుంబాలు కలిసి స్థలం కొని, పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్న కాలనీ. చంద్రిక ఇల్లు కూడా అక్కడే.

గీత జరిగిన రోజు నుంచి ఆ చుట్టుపక్కల మనుషులు మారిపోయారు. ఎర్ల్ వెళ్ళే చర్చిలో, రోడ్డు పక్కకు రాబోయే పొలాలవాళ్ళు ఒక వైపు బల్లల మీద, పొలం పోయేవాళ్ళు ఇంకో వైపు కూర్చోవడం మొదలుపెట్టారు. పాస్టర్ ఎటు తిరిగి ప్రార్థన చేయాలో తెలియక మధ్యలో నిలబడేవాడట. హికరీ హాలోలో శుక్రవారం విందులు ఆగిపోయాయి. దసరాకి ఎర్ల్ దగ్గర మేకను కొని వాటాలు పంచుకునే ఇళ్ళు, ఒకరి పిల్లలను ఒకరు స్కూల్లో దింపడం మానేశాయి. నష్టపరిహారం ఎవరికి ఎంత వస్తుందోనని ఒకరినొకరు ఓరగా చూసుకునే స్థితి వచ్చింది. చర్చి హాల్లో జరిగిన మీటింగులో రాకేష్ లేచి, నీ గడ్డి కోసం మా ఇళ్ళు పోవాలా అని ఎర్ల్ మీద అరిచాడు. అది రెండు వారాల కిందటి మాట. రేపు రోడ్డు గీతను ఖాయం చేసే హియరింగ్.

"అరిచినవాడల్లా హంతకుడు కాడు," అంది చంద్రిక, చేతులు దులుపుకుంటూ.

"అరిచినవాడు అబద్ధం కూడా చెప్పాడు. శనివారం ఎర్ల్ ఇంటికి వెళ్ళలేదన్నాడు. అతని బూటు గుర్తులు సింక్‌హోల్ కంచె దాకా ఉన్నాయి."

"వీసా మీద ఉన్నాడు. పోలీసు రికార్డులో పేరు పడితే ఉద్యోగం, వీసా, దేశం అన్నీ పోతాయని భయపడ్డాడు. ఎర్ల్ ఫోన్ చేసి రమ్మంటేనే వెళ్ళాడు. హియరింగ్‌లో చెప్పే ముందు నీకో మాట చెప్పాలి అన్నాడట. వెళ్ళేసరికి మనిషి లేడు. వెతికి తిరిగి వచ్చేశాడు."

"ఎర్ల్ ఫోన్ చేశాడు. అది మాకూ తెలుసు. ఏం చెప్పాలనుకున్నాడో చెప్పడానికి ఎర్ల్ లేడు."

"రాళ్ళున్నాయి," అంది చంద్రిక. "రండి, ఇవి ఎక్కడ నుంచి వచ్చాయో చూద్దాం."

రాళ్ళ మీది పేర్లన్నీ టకర్లవే. ఎర్ల్ తాత ముత్తాతలు బీడు అవతలి గుట్ట వెనక అడవిలో ఉండేవారని ఎర్ల్ కూతురు నిన్న ఫోన్లో చెప్పింది. తను చిన్నప్పుడు ఆ అడవిలో సమాధుల దగ్గర పువ్వులు పెట్టిన గుర్తు లీలగా ఉందట. నిన్న సాయంత్రం ఆ మాట విన్నప్పుడే చంద్రిక ఇవాళ అక్కడికి వెళ్ళాలనుకుంది.

ఓక్ చెట్ల కింద ఎండుటాకులు పాదం మునిగేంత ఉన్నాయి. గుట్ట వెనక, కూలిపోయిన రాతి గోడ పక్కన, ఆకులు లేని చోటు ఒకటి కనిపించింది. చంద్రిక ఆగిపోయింది.

అక్కడ నేల మీద నల్లగా, చదునుగా, తడిగా వరసలు వరసలుగా మచ్చలున్నాయి. గుంటలన్నిటినీ పూడ్చేశారు. పార వెనక వైపుతో తట్టిన గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. రాళ్ళు తీసుకెళ్ళింది వసంతంలో. గుంటలు పూడ్చింది మాత్రం ఈ పొద్దున. ఆకుల మీద మంచు ఆరలేదు, కానీ ఆ మట్టి మీద మంచే లేదు.

ఆమెకు ఒళ్ళు మండింది. హార్పర్ వైపు తిరిగి, నేను ఇక్కడికి వస్తానని మీ ఆఫీసులో ఎవరెవరికి తెలుసని అడిగింది. నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసి, రేపు ఎర్ల్ స్థలం చూడాలి రండి అని మాత్రమే అంది. అడవి మాట అతనికి చెప్పలేదు. అతను అదే గుర్తు చేశాడు.

"మా ఆఫీసు మీద రాయి వేయడం మీకు అలవాటే," అన్నాడు హార్పర్. "కానీ ఈ అడవి సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. మీరు ఎవరికి చెప్పారో మీరే ఆలోచించుకోండి."

"ఎవరికీ చెప్పలేదు."

ఆమె నిజమే చెప్పాననుకుంది. రాత్రి అన్నం తింటూ మొగుడితో అనుకున్న మాటను ఎవరూ ఇంకొకరితో చెప్పిన మాటగా లెక్కపెట్టరు.

హార్పర్ చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. అతని మొహంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. రోడ్డు తన బీడు మీదికి రాకుండా ఎర్లే ఈ రాళ్ళు మోయించి ఉంటాడని, అది రాకేష్‌కు తెలిసి ఉంటుందని, అంటే చంపడానికి రాకేష్‌కు ఇంకా బలమైన కారణం దొరికిందని అన్నాడు. చంద్రికకు ఆ వాదనలో లోపం వెంటనే దొరకలేదు. ఆమె పూడ్చిన గుంటల చుట్టూ మెల్లగా నడిచింది.

ఒక్కో సమాధికి రెండు గుంటలున్నాయి. ఒకటి పెద్దది, తల దగ్గర పేరు చెక్కిన రాయిది. రెండోది చిన్నది, కాళ్ళ దగ్గర పాతే గుర్తు రాయిది. పెద్దవన్నీ పడమటి వైపు ఉన్నాయి, చిన్నవన్నీ తూర్పున. ఇక్కడివాళ్ళ పద్ధతి అదే. చనిపోయినవాళ్ళు లేచే రోజున సూర్యుడు వచ్చే దిక్కు చూస్తూ లేవాలని కాళ్ళు తూర్పుకు పెట్టి పడుకోబెడతారు.

బీడులో రాళ్ళు ఎలా ఉన్నాయో ఆమె గుర్తు చేసుకుంది. అక్కడ అలవాటుగా దిక్సూచి పక్కన పెట్టి ఫోన్‌లో తీసిన ఫొటోలు తెరిచి చూసింది. ఏడు సమాధులు. ఏడింటికీ పేరు రాయి దక్షిణాన, చిన్న రాయి ఉత్తరాన.

పక్కన హార్పర్ తొంగి చూసి, పెట్టినవాళ్ళకు దిక్కులు తెలియవు, తొందరలో పడేసి పోయారు అన్నాడు. చంద్రికకు అలా అనిపించలేదు. తొందరలో పడేస్తే ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటాయి. ఏడూ ఒకే దిక్కున ఉన్నాయంటే పెట్టినవాళ్ళకు దిక్కులు బాగా తెలుసు. చనిపోయినవాళ్ళ తల ఎటు ఉండాలో తెలుసు. వాళ్ళ ఇంట్లో ఎవరైనా పోతే ఎటు పెడతారో అటే పెట్టారు.

ఎర్ల్ చేతుల మీదుగా జరిగిన పని కాదిది. తన తాత తలను ఆయన దక్షిణానికి పెట్టనివ్వడు. పెట్టినవాళ్ళు తెలుగువాళ్ళు.

ఇరవై ఏళ్ళ కిందట తండ్రి పోయినప్పుడు వీసా చిక్కుల్లో ఆమె ఇండియా వెళ్ళలేకపోయింది. అప్పుడు పెద్దదిక్కుగా నిలబడింది విశ్వనాథం గారు. పెరట్లో చాప వేసి, ఆమె భర్త ఉదయ్‌ను కూర్చోబెట్టి, ఆమె కళ్ళు తుడుచుకుంటూ చూస్తుండగా కర్మ చేయించాడు. ఏ దిక్కుకు తిరిగి కూర్చోవాలో, తల ఏ వైపు అనుకోవాలో ఓపిగ్గా చెప్పింది ఆయనే. కాలనీలో అంత పట్టింపు ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

ఆమె హార్పర్‌తో, రెండు దాటాక హికరీ హాలోలో విశ్వనాథం గారి ఇంటికి రమ్మని చెప్పింది. ఎందుకని అడిగాడు. వస్తే తెలుస్తుందంది. అతను నవ్వాడు కానీ రానని అనలేదు.

కాలనీ లోపలికి వస్తూ చంద్రిక కారు నెమ్మది చేసింది. మొదటి ఇల్లు పూజితది. రాకేష్ భార్య. ఇంట్లోనే డే కేర్ నడుపుతుంది. లైసెన్సు ఆ ఇంటి అడ్రసు మీదే ఉంది, ఇల్లు పోతే పని పోతుంది. గేటు దగ్గర ఇవాళ రెండు జతల చిన్న బూట్లే ఉన్నాయి. రాకేష్ అరెస్టయ్యాక మిగతా తల్లులు పిల్లలను పంపడం మానేశారు. అరెస్టయిన రోజున ఆమె ఏడుస్తూ చంద్రిక దగ్గరికి వచ్చింది. విశ్వనాథం గారు మాత్రం ప్రైవేట్ డిటెక్టివ్ ఎందుకమ్మా, మంచి లాయర్‌ను పెడుతున్నాం కదా అని అడ్డు చెప్పాడని అప్పుడే అంది. ఆ మాటను చంద్రిక పెద్దాయన జాగ్రత్త అనుకుంది.

పొద్దున్నే పూజిత ఇంకో సంగతి చెప్పింది. పిల్లలు ఆడుకునే చోట కెమెరా ఒకటి ఉంది. కంచె సందుల్లోంచి ఎర్ల్ ఇంటికి పోయే మట్టి రోడ్డు మలుపు అందులో కొంచెం పడుతుంది. ఇన్నాళ్ళూ తట్టలేదు. పిల్లలు నిద్రపోయాక శనివారం నాటి వీడియో వెతుకుతానంది.

విశ్వనాథం గారి ఇల్లు కాలనీ చివర. భార్య ఎడిసన్‌లో కూతురి పురిటికి వెళ్ళింది, ఆయన ఒక్కడే ఉన్నాడు. తలుపు తీసి, ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగుతావా అని అడిగాడు. సివిల్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఈ స్థలం వెతికి, పదకొండు ఇళ్ళవాళ్ళను ఒప్పించి, దగ్గరుండి కట్టించింది ఆయనే. రోడ్డుకు వ్యతిరేకంగా పెట్టిన కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. చర్చి హాల్లో మైకు ముందు, ఇది మా గూడు, మమ్మల్ని లేపొద్దు అని కంటతడి పెట్టినప్పుడు తెల్లవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

చంద్రిక మజ్జిగ వద్దంది. సోఫాలో కూర్చుని, అతి మామూలుగా అడిగింది.

"బాబాయ్ గారూ, మనవాళ్ళలో మనిషి పోతే తల ఎటు పెడతారు?"

"దక్షిణానికమ్మా. అదేం ప్రశ్న?"

అన్నాక ఆయన చేతిలోని గ్లాసు ఆగిపోయింది. ఆమె ఫోన్ తీసి ఫొటో ఆయన ముందు పెట్టింది. ఏడు రాళ్ళు, పక్కన దిక్సూచి ముల్లు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"వాళ్ళ పద్ధతి వేరని నాకు తెలియదు," అన్నాడు చివరికి. "ఒట్టి రాళ్ళే కదా, ఎలా పెడితే ఏమని కుర్రాళ్ళన్నారు. నాకు మనసొప్పలేదు."

"అసలు రాళ్ళెందుకు మార్చారు బాబాయ్ గారూ?"

ఆయన లేచి గోడవారగా ఉన్న పుస్తకాల బీరువాను పక్కకు జరిపాడు. దాని వెనక కొత్తగా రంగు వేసిన గోడ పైనుంచి కిందికి చీలి ఉంది. చీలికలో మనిషి అరచెయ్యి పట్టేలా ఉంది. రంగు వేసి నెల కాలేదు, అప్పుడే మళ్ళీ తెరుచుకుంది అన్నాడు. మొదట తన ఇంటికే అనుకున్నాడట. తర్వాత ఒక్కో ఇంట్లో ఒక్కో సోఫా వెనక, ఒక్కో దేవుడి పటం వెనక అదే చీలిక ఉందని తెలిసింది. ఎవరికి వారు, పక్కవాళ్ళకు తెలిస్తే ఇంటి ధర పడిపోతుందని దాచుకున్నారు. కాలనీ మొత్తం అడుగున డొల్ల. పూజిత వాళ్ళ ఇల్లు ఒక్కటే గట్టి రాతి మీద ఉంది.

చంద్రికకు తన ఇంట్లో బట్టలుతికే గది గోడ కళ్ళ ముందు కదిలింది. కొత్త ఇళ్ళు సర్దుకునేటప్పుడు అలాంటి గీతలు వస్తాయని ఉదయ్ చెప్పాడు. రెండుసార్లు తనే పుట్టీ పెట్టాడు.

ఇలాంటి ఇళ్ళను కొనేవాడు లేడు. చెప్పి అమ్మితే కొనరు, చెప్పకుండా అమ్మితే కేసు. కొనగలిగింది ఒక్క ప్రభుత్వమే, అదీ రోడ్డు వస్తేనే. బైపాస్ గీత పక్క బీడు మీద పడగానే విశ్వనాథం గారికి ఆ ఆలోచన వచ్చింది. ఎర్ల్‌కు బీడు పోవడం ఇష్టం లేదు. ఆయన దగ్గరికి వెళ్ళి, మా ఇళ్ళవాళ్ళంతా ఒప్పుకున్నారు, మీ పాత సమాధిరాళ్ళు ఇవ్వండి చాలు, సమాధుల్లోవాళ్ళను కదపం అని చెప్పాడు. ఎర్ల్ ఒప్పుకున్నాడు, తన పెద్దల రాళ్ళు పీకుతుంటే మాత్రం చూడలేక ఊళ్ళోకి వెళ్ళిపోయాడు.

"మరి మైకు ముందు ఏడ్చారు కదా."

"అడ్డుపడకపోతే అనుమానం వస్తుందమ్మా. ఏడుపు మాత్రం అబద్ధం కాదు. నేను తెచ్చి కూర్చోబెట్టిన ఇళ్ళు ఇవి."

ఆమె ఆ మాటను దాటేసింది. "అందరూ ఒప్పుకున్నారన్నారు. ఒప్పుకోనివాళ్ళెవరు?"

"రాకేష్ వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళ ఇంటికి ఏ బాధా లేదు, ఎందుకు ఒప్పుకుంటారు? మీటింగులో వాడు అరిచాక ఎర్ల్‌కు అర్థమైంది, నేను చెప్పింది అబద్ధమని. ఆ ముసలాయనకు అదే పట్టుకుంది. హియరింగ్‌లో అంతా చెప్పేస్తానన్నాడు."

"నాకూ చెప్పలేదు."

విశ్వనాథం గారు కిటికీ వైపు చూశాడు.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్ గారూ? మా ఇంటి గోడా చీలింది కదా. మా ఇంటి తరఫున ఒప్పుకున్నది ఎవరు?"

అడుగుతుండగానే ఆమెకు జవాబు తెలిసిపోయింది. తెలిసినా ఆయన నోటితో వినాలనుకుంది. నిన్న రాత్రి అడవి సంగతి విన్నది ఒక్క మనిషే. అతను తెల్లవారుజామున వాకింగ్‌కని లేచి వెళ్ళాడు. ఆమె కాఫీ కలిపేసరికి తిరిగి వచ్చి, బూట్లు గ్యారేజీలోనే కడుక్కున్నాడు.

"నీకు చెప్పొద్దని అతనే అన్నాడమ్మా. చెప్తే నువ్వు జరగనివ్వవన్నాడు. నీ మీద గౌరవంతోనే అన్నాడు," అన్నాడాయన.

ఇన్నాళ్ళూ ఈ కాలనీలో ఏ ఇంటికి వెళ్ళినా తను డిటెక్టివ్ అని అందరూ మురిపెంగా చెప్పుకునేవారు. పిల్లలు చంద్రిక ఆంటీ దొంగలను పట్టుకుంటుంది అనేవారు. వాళ్ళ అమ్మానాన్నలు నవ్వేవారు. ఆ నవ్వుల్లో ఎన్ని తనకు తెలియకుండా ఒకరినొకరు చూసుకుని నవ్వినవో ఇప్పుడు లెక్కకు అందవు. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ, తన ఇంట్లో మనిషీ కలిసి, రాళ్ళు మోసి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని తనతో కబుర్లు చెప్పారు.

"శనివారం ఎర్ల్ దగ్గరికి ఎవరు వెళ్ళారు?" అంది.

ఆమె మళ్ళీ అడిగింది.

"నేను వెళ్తానన్నాను. మీరు పెద్దవారు, ఆవేశపడతారు, నేను మాట్లాడి వస్తాను అన్నాడు ఉదయ్." ఆయన మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. "మధ్యాహ్నానికి వచ్చాడు. ఎర్ల్ పడిపోయాడు అన్నాడు. ఇంకేం చెప్పలేదు."

"తోశావా అని అడగలేదా?"

"అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం వేసింది."

"రాకేష్‌ను పట్టుకున్నప్పుడు కూడా ఏం అనలేదు."

"నేరం రుజువు కాదు, నాలుగు రోజుల్లో వదిలేస్తారని అనుకున్నాం. లాయర్‌ను కూడా పెట్టాం కదమ్మా."

తండ్రి కర్మ రోజున తల నిమిరిన చెయ్యి అదే. దాన్ని చూస్తూ చంద్రిక ఏడుస్తానేమో అనుకుంది. కన్నీళ్ళు రాలేదు. పూజిత గేటు దగ్గరి రెండు జతల బూట్లే కళ్ళలో మెదిలాయి.

బయట కారు ఆగింది. హార్పర్ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. విశ్వనాథం గారు గబుక్కున ముందుకు వంగి, తెలుగులో, తగ్గు గొంతుతో అన్నాడు.

"రాళ్ళ సంగతి నా మీద వేసుకుంటాను. మిగతాది మన మధ్యే ఉంచు. నీ సంసారం ఇది. అతనికి ఏం చెప్పాలో ఆలోచించుకుని చెప్పు తల్లీ."

చంద్రిక తలుపు తీసింది. హార్పర్ లోపలికి వచ్చి, చీలిన గోడను, జరిపిన బీరువాను, ముసలాయన మొహాన్ని వరసగా చూశాడు. ఏదో ఎత్తిపొడుపు మాట అనబోయి, చంద్రికను చూసి ఊరుకున్నాడు.

"రాళ్ళు వీళ్ళు మార్చారు," అంది ఇంగ్లీషులో. "ఎందుకు మార్చారో ఈయన చెప్తారు. రాకేష్‌కు ఏ పాపమూ తెలియదు. శనివారం అతనికంటే ముందు ఎర్ల్ దగ్గరికి ఇంకొకరు వెళ్ళారు. పేరు రాసుకోండి. ఉదయ్. నా భర్త."

హార్పర్ రాసుకోలేదు.

"మీరు కూర్చోండి," అన్నాడు. ఇన్నేళ్ళలో అతను ఆమెతో మర్యాదగా అన్న మొదటి మాట అది. "అతను ఇప్పుడెక్కడున్నాడు?"

ఆఫీసులో, అనబోయి చంద్రిక ఆగింది. పొద్దున టిఫిన్ తింటున్నప్పుడు పూజిత ఫోన్ వచ్చింది. పెట్టేశాక ఉదయ్ ఏమిటి సంగతి అని అడిగాడు. చెప్పింది. కెమెరా గురించీ, మట్టి రోడ్డు మలుపు గురించీ, పిల్లలు పడుకున్నాక పూజిత వీడియో వెతుకుతుందనీ, మొత్తం చెప్పింది. అతను ఇడ్లీ తుంచుతూ, మంచిదే కదా, పాపం రాకేష్ బయటపడతాడు అన్నాడు.

ఆమె పూజిత నంబరు నొక్కింది. నాలుగు రింగుల తర్వాత పూజిత ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది.

"అక్కా, పిల్లలు ఇప్పుడే పండుకున్నరు. నీకే చేద్దామనుకుంటున్న. వీడియో తెరుసుకుంటలేదు, ఏందో పాస్‌వర్డ్ అంటది. నా అదృష్టం, ఉదయ్ బావ వచ్చిండు. నువ్వే పంపినవట కదా. ల్యాప్‌టాప్ ముంగట కూసున్నడు."

చంద్రిక ఫోన్‌కు చెయ్యి అడ్డుపెట్టి, మొదటి ఇల్లు, రాకేష్ వాళ్ళది, అక్కడున్నాడు అని హార్పర్‌కు ఇంగ్లీషులో చెప్పింది. అతను వెంటనే మెట్లు దిగాడు.

"పూజితా, నేను చెప్పేది విను. మాట్లాడకుండా పిల్లలను తీసుకుని బయటికి..."

"ఏమో అక్కా, సరిగ వినొస్తలేదు. బావ ఫోన్ ఇయ్యమంటున్నడు, ఇస్తున్న."

ఫోన్ చేతులు మారిన శబ్దం వచ్చింది.

"చెప్పు చంద్రీ," అన్నాడు ఉదయ్. రోజూ సాయంత్రం ఇంటికి వస్తూ, ఏమైనా తీసుకురావాలా అని అడిగే గొంతుతోనే అన్నాడు.